‘స్నానం చేయరాదు’ అంటే సరిపోదు, ఎక్కడ చేయొచ్చో చెప్పాలి

సంపాదకులు గారికి నమస్కారం.

సంక్రాంతికీ, వేసవి సెలవులకీ హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచి కార్లు వరసకట్టి కోనసీమకు వస్తున్నాయి. రావులపాలెం దాటితే చాలు, ఒక పక్క కాలువ, ఇంకో పక్క కొబ్బరితోట, కాస్త ముందుకెళ్తే గోదారి పాయ, ఆ చివర సముద్రం. ఇంత నీరు చూశాక పిల్లలు ఒక్క మునకేద్దామనకుండా ఉండరు, పెద్దవాళ్లూ కాదనలేరు. అందులో తప్పేమీ లేదు. కానీ ఏటా ‘స్నానానికి దిగి గల్లంతు’ అన్న వార్త జిల్లా పేజీలో వస్తూనే ఉంది. వార్త వచ్చాక ఆ రేవులో ‘ఇచ్చట స్నానం చేయరాదు’ అని ఒక రేకు బోర్డు పాతుతారు. తర్వాత వచ్చే కారు బోర్డు లేని ఇంకో రేవులో ఆగుతుంది. ఎక్కడ, ఏ వేళ, ఎంత లోతు వరకు దిగొచ్చో చెప్పే బోర్డు ఉంటే తప్ప ఇది ఆగదు. ఏటి ఒడ్డున పడవ పని, వల పని చేసుకునేవాళ్లం కనుక ఆ బోర్డు మీద ఏముండాలో మాకు తెలిసింది రాస్తున్నాం.

ముందు కాలం సంగతి. జూలై నుంచి అక్టోబరు దాకా ఏ పాయలోనూ దిగొద్దు. తీర్థస్నానం చేయాలనుకుంటే రేవు మెట్ల మీద కూర్చుని చెంబుతో పోసుకోండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరికంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులు కిందికి పోతున్నట్టు లెక్క. 1986 ఆగస్టులో ఆ లెక్క 35 లక్షలు దాటింది. భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులకు ఇస్తారు. అది విన్న రోజే లంకల (ఏటి మధ్య దీవుల) వైపు ప్రయాణం మానుకోవాలి, రేపు చూద్దామనుకుంటే కాజ్‌వేలు మునిగి లంకలోనే ఉండిపోతారు. వరద తీశాక నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. ఎర్రనీరు పోయి అడుగు కనిపిస్తుంది, ఒరవడి కూడా తగ్గుతుంది. మార్చి నుంచి మే వరకు పాయలు ఎండి, ఎటు చూసినా మోకాలి లోతే అన్నట్టుంటాయి. మమ్మల్ని ఎక్కువ భయపెట్టేవి ఆ నెలలే.

కారణం ఇసుక. పాయ వంపు తిరిగిన చోట లోపలి వైపు ఇసుక తిన్నె పేరుకుంటుంది, బయటి వైపు ఒడ్డు కోసుకుపోయి లోతు పడుతుంది. తిన్నె మీద యాభై గజాలు చీలమండ లోతులో నడుచుకుంటూ పోవచ్చు. దాని కింది అంచుకు రాగానే అడుగు ఒక్కసారిగా వాలిపోతుంది. నీళ్లలో ఉన్న ఇసుక నిటారుగా నిలవదు, మనిషి బరువు పడగానే జారుతుంది. వెనక్కి వేయబోయిన కాలు కింద కూడా ఇసుక కదులుతుంది. అందుకే ‘రెండడుగులు వెనక్కి వేస్తే బయటపడేవాడు కదా’ అనుకోవడం ఒడ్డున నిలబడిన వాళ్లకే తేలిక. దీనికి తోడు ఇసుక ర్యాంపుల దగ్గర యంత్రాలతో తవ్విన గోతులు ఉంటాయి. అవి వాలుగా ఉండవు, గోడ దించినట్టు ఉంటాయి. పైన నీరు మాత్రం చదునుగా, కదలకుండా కనిపిస్తుంది. 2025 మే నెలలో ముమ్మిడివరం మండలం కమిని లంక దగ్గర ఎనిమిది మంది యువకులు ఒకే రోజు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒకరు మునుగుతుంటే పట్టుకోవడానికి ఇంకొకరు, ఆ వెనక మరొకరు దిగడం ఇలాంటి చోట్ల మామూలుగా జరిగేదే. గుంపుగా వచ్చినవాళ్లు గుంపుగా పోయేది అందుకే.

దిగే ముందు పది నిమిషాలు ఖర్చుపెడితే చాలు. మనిషి ఎత్తుకు తగ్గని వెదురు కర్ర ఒకటి తీసుకోవాలి. ఈత బాగా వచ్చిన ఒక్కరే ముందు దిగాలి, నడుముకు తాడు కట్టుకుని, తాడు రెండో కొస ఒడ్డున ఇద్దరి చేతిలో ఉంచాలి. ఏటికి ఎదురుగా నడవాలి, వాలుకు నడిస్తే నీరే లోతులోకి తోస్తుంది. ప్రతి అడుగుకీ ముందు కర్ర దించి చూడాలి. కర్ర నడుము దాటి మునిగిన చోట ఆగి ఒక పుల్ల పాతి గుడ్డ కట్టాలి. అలా నాలుగైదు పుల్లలు పాతితే హద్దు తేలుతుంది. పెద్దలకు నడుము లోతు, పిల్లలకు మోకాలి లోతు, అంతకు మించి వద్దు. ఛాతీ దాకా నీరుంటే బరువు తేలిపోయి, కొద్దిపాటి ఒరవడికే కాళ్లు నేలను వదిలేస్తాయి. చాలామంది మరిచిపోయేది ఇంకొకటి ఉంది. మీరు దిగే చోట లోతు చూసుకుంటే సరిపోదు, దాని దిగువన ముప్పై గజాల వరకు చూడాలి. కాలు జారినవాణ్ని నీరు అక్కడికే తీసుకెళ్తుంది. దిగువన కూడా తిన్నె ఉంటే వాడే లేచి నిలబడతాడు. అక్కడ మడుగుంటే ఇక్కడ మోకాలి లోతున్నా లాభం లేదు.

వంతెన స్తంభాల పక్కన దిగొద్దు. జొన్నాడ, సిద్ధాంతం, చించినాడ, బోడసకుర్రు, ఎదుర్లంక, ఏ వంతెనైనా అంతే. వరద నీరు స్తంభానికి కొట్టుకుని చుట్టూ ఇసుకను తోడేస్తుంది, వరద తీశాక ఆ గుంట అలాగే ఉంటుంది. ఏటిగట్టు కోతకు గురికాకుండా వేసిన రాతి కట్టల కొసలు కూడా అలాంటివే, నీరు అక్కడ సుడి తిరుగుతుంది. రాళ్ల మీద నాచు, సందుల్లో తెగిన వల ముక్కలు ఉంటాయి.

కాలువల గురించి ఒకటి గట్టిగా చెప్పాలి. చూడటానికి గోదారి కంటే కాలువ చిన్నది కనుక మంచిదనుకుంటారు. డెల్టా కాలువ సాగునీటి కోసం ఏకధాటిగా పారుతుంది, పట్టుకుందామంటే తిన్నె ఉండదు, ఒడ్డుకు వేసిన సిమెంటు లైనింగు నాచుపట్టి చేతికి దొరకదు. ఈత వచ్చినవాడు కూడా ఒడ్డు చేరి, ఎక్కలేక అలసిపోతాడు. లాకులు, తూములు ఉన్న చోట నీరు తలుపు అడుగు నుంచి దూకుతుంది. ఎగువన పైన నిశ్చలంగా ఉన్నట్టు కనిపించినా కింద లాగుతూ ఉంటుంది. లొల్ల లాకుల దగ్గర ఫొటోలు తీసుకోండి, ఆ చుట్టుపక్కల మాత్రం దిగొద్దు. పి.గన్నవరంలో వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించే అక్విడక్టు చూడదగ్గది. ఇప్పుడున్న కొత్తదానికి అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. అక్కడా చూడటం వరకే. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మొదటి వారం దాకా మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు. అప్పుడు మిగిలిన మడుగుల్లో బురద, గుర్రపుడెక్క, సీసాపెంకులు ఉంటాయి. కాలువలో స్నానం చేయాలనుంటే ఊరివాళ్లు రోజూ చేసే రేవులో, మెట్టు మీద కూర్చునే.

రోడ్డు మీద చూడాల్సినవి చాలా ఉన్నాయి, నీళ్లలో దిగితేనే యాత్ర అన్నట్టు ఉండక్కర్లేదు. రాజమహేంద్రవరం నుంచి వచ్చేవాళ్లు జాతీయ రహదారి వదిలి ధవళేశ్వరం మీదుగా రావాలి. కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది, దాని కథ అక్కడి మ్యూజియంలో ఉంటుంది. ఇప్పుడు కార్లు వెళ్లే బ్యారేజీ తర్వాత కట్టింది. బ్యారేజీ దాటి బొబ్బర్లంక, ఆత్రేయపురం దారి పట్టుకుంటే పూతరేకులు చేసే ఇళ్లు, ర్యాలి గుడి, పక్కనే వాడపల్లి. శనివారమైతే వాడపల్లి వైపు వెళ్లకండి, ఏడు శనివారాల మొక్కువాళ్లతో దారి కదలదు. తూర్పు వైపు ద్రాక్షారామం, కోటిపల్లి, పడమర పాలకొల్లు, భీమవరం గుడులు. నాలుగూ ఒక్క రోజులో పెట్టుకుంటే సాయంత్రం నీళ్ల దగ్గరికి చీకట్లో చేరతారు. చీకట్లో దిగడం కంటే రాత్రికి అమలాపురంలోనో దిండిలోనో ఆగి పొద్దున దిగడం మేలు. పొద్దెక్కక ముందు పది లోపు, లేదా మూడు నుంచి అయిదు వరకు. పొద్దు వాలే అరగంట ముందే అందరూ ఒడ్డున ఉండాలి, తల లెక్క చూసుకోవాలి.

కోటిపల్లి–ముక్తేశ్వరం, సఖినేటిపల్లి–నరసాపురం రేవుల్లో కారును పంటు మీద దాటించొచ్చు. కారు ఎక్కించాక గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, అద్దాలు దించి, అందరూ కిందికి దిగాలి. ఏసీ వేసుకుని లోపల కూర్చోకూడదు. పంటు ఆగే చోట స్నానం అసలు వద్దు.

ఇక ఆటుపోట్లు. యానాం, ఎదుర్లంక, బోడసకుర్రు, దిండి, అంతర్వేది, ఈ చోట్ల ఏరు సముద్రం చెప్పినట్టు నడుస్తుంది. రోజుకు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు దిగడం). ఈరోజు వచ్చిన వేళకంటే రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి చుట్టూ పోటు పెద్దది, పాటు కూడా అంత జోరుగా లాగుతుంది. నీరు సగం దిగిన వేళ లాగుడు అన్నిటికంటే ఎక్కువ, ఎందుకంటే ఏటి ఒరవడి, పాటు రెండూ ఒకే వైపు పోతాయి. పోటు ముగిసే చివరి గంట, నీరు నిలిచిన కాసేపు స్నానానికి అనువైన వేళ. నీరు కదలడం మొదలవగానే బయటికి రావాలి. గట్టున పాతిన గుంజ మీద తడి గుర్తు చూస్తే నీరు ఎక్కుతోందో దిగుతోందో తెలుస్తుంది. గుర్తు నీటికి పైన ఇంకా తడిగా ఉందంటే దిగుతున్నట్టే. దిండిలో హౌస్‌బోటు మీంచి దూకకండి, కింద బురద మోకాలు దాటి దిగుతుంది. ఊబిలో కాలు ఇరుక్కుంటే గట్టిగా పీకొద్దు, వెనక్కి వాలి కూర్చుని బరువు పరిచి, ఒక్కో కాలు మెల్లగా ఊపుతూ తీయాలి. కోరింగ మడ అడవుల్లో చెక్కల వంతెన మీద నడవండి, బురదలోకి దిగొద్దు.

అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర వశిష్ఠ పాయ సముద్రంలో కలుస్తుంది. చూడాల్సిందే, దిగకూడనిది కూడా అదే. బయటికి పోయే ఏటి నీరు, లోపలికి వచ్చే కెరటం అక్కడ ఢీకొంటాయి, ప్రతి వరదకీ ఇసుక దిబ్బలు చోటు మారతాయి. నిరుడు నడిచిన చోట ఈ ఏడు మనిషి మునుగుతాడు. మాఘ పౌర్ణమికి సముద్రస్నానానికి జనం పోటెత్తుతారు, ఆ తిథికి ఆటుపోట్లూ పెద్దవే. కనుక తీర్థం రోజున పాటు మొదలయ్యే వేళ మైకులో చెప్పడం అవసరం.

ఓడలరేవు, ఎస్.యానాం, పేరుపాలెం బీచ్‌లలో సంగమానికి దూరంగా నడుము లోతు వరకు స్నానం చేయొచ్చు. ముందు అయిదు నిమిషాలు ఒడ్డునే నిలబడి కెరటాలు చూడాలి. వరసగా నురగ విరుగుతున్న కెరటాల మధ్య ఒక చోట మాత్రం కెరటం విరగకుండా, నీరు నల్లగా, నురగ సముద్రం వైపు పోతూ కనిపిస్తే అది లాగుడు. తెలియనివాళ్లు ప్రశాంతంగా ఉందని సరిగ్గా అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదొద్దు, అంత బలం ఎవరికీ ఉండదు. ఒడ్డు వెంబడి, పక్కకు ఈది, కెరటం విరుగుతున్న చోటికి చేరితే కెరటమే తోసుకొస్తుంది. ఈదలేకపోతే వెల్లకిలా తేలి చెయ్యి ఊపాలి. కాళ్లు ఎత్తి వేయకుండా ఈడ్చుకుంటూ నడిస్తే ఇసుకలో పడుకున్న, తోకకు ముల్లుండే టేకు చేప పక్కకు తప్పుకుంటుంది. ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో కాలు ఉంచి ఆసుపత్రికి వెళ్లాలి. బయలుదేరే ముందు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరిక చూసుకోండి. చీర, చున్నీ, జీన్స్‌తో దిగొద్దు, తడిశాక కాళ్లకు చుట్టుకుంటాయి. మందు తాగినవాళ్లని ఎవరు బతిమాలినా దించొద్దు.

కారును బీచ్ ఇసుకలోకి తీసుకెళ్లడం మానాలి. జనవరి నుంచి మార్చి వరకు ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, చక్రం కింద ఏం పోతుందో పైకి కనిపించదు. అప్పటికే దిగబడితే యాక్సిలరేటరు తొక్కకండి, చక్రం తిరిగేకొద్దీ గొయ్యి లోతవుతుంది. చక్రాల ముందు ఇసుక తోడి, టైర్లలో గాలి 18–20 పాయింట్లకు తగ్గించి, కింద కొబ్బరి మట్టలు పరిచి, రెండో గేరులో మెల్లగా తీయాలి. పోటు వస్తుంటే కారు వదిలి ట్రాక్టరు కోసం వెళ్లండి. ఏటిగట్టు, కాలువ గట్టు రోడ్లు ఇరుకు, అంచు మట్టి వానకు మెత్తబడి ఉంటుంది, కొబ్బరి లోడు లారీకి దారివ్వడానికి అంచుకు జరగొద్దు, వెడల్పున్న చోటే ఆగండి. కారు కాలువలో పడితే మొదటి నిమిషమే ముఖ్యం. బెల్టు తీసి వెంటనే పక్క అద్దం దించి, పిల్లల్ని ముందు తోసి, కిటికీలోంచి బయటపడాలి. తలుపు తెరవబోతే నీటి బరువుకు తెరుచుకోదు, ఫోను చేస్తూ కూర్చుంటే కిటికీ కూడా పని చేయదు. భీమవరం, మొగల్తూరు, కాట్రేనికోన వైపు రొయ్యల చెరువుల్లో కాళ్లు కడుక్కోవద్దు, ఏరేటర్లకు కరెంటు వైర్లు నీళ్ల మీదే ఉంటాయి.

మునిగే మనిషి సినిమాలో లాగా అరవడు. నోరు నీటి మట్టానికి ఉంటుంది, తల వెనక్కి వాలుతుంది, చేతులు నీటిని కిందికి నొక్కుతూ ఉంటాయి, పైకి ఊపలేవు. చూసేవాళ్లు ఆడుకుంటున్నాడనుకుంటారు. పక్కనే ఎవరు దిగినా వాళ్ల భుజాల మీదికి ఎక్కబోతాడు, అది తెలిసి చేసేది కాదు. కనుక దూకొద్దు. కారు డిక్కీలో 20 లీటర్ల ఖాళీ నీళ్ల క్యాను మూత బిగించి, దాని పిడికి పదిహేను మీటర్ల నైలాన్ తాడు కట్టి పెట్టుకోండి. క్యాను మనిషికి అవతలగా పడేలా విసిరి, తాడు అతని మీదుగా లాగితే చేతికి అందుతుంది. పెద్ద మనిషి తల నీటిపైన నిలవడానికి అదొక్కటే చాలు. క్యాను లేకపోతే పంచె, చీర, వెదురు, ఏదైనా ఒడ్డున బోర్లా పడుకుని అందించాలి. మన ఊళ్లలో పిల్లలకు అరటిబోదె పట్టించి, ఎండు కొబ్బరికాయలు జతగా నడుముకు కట్టి ఈత నేర్పేవారు. ఆ అలవాటు తగ్గిపోతోంది, ఒడ్డున పెరిగిన పిల్లలు కూడా ఈత రాకుండా పెద్దవుతున్నారు. ఇది మాకు చాలా బాధగా ఉంది.

బయటికి తీశాక కాళ్లు పట్టి తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం ఇప్పటికీ చేస్తున్నారు. దానితో కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన నిమిషాలు వృథా అవుతాయి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ముందు అయిదు సార్లు ఊదాలి. తర్వాత ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100–120 చొప్పున, పెద్దవాళ్లకయితే అయిదారు సెంటీమీటర్లు దిగేలా 30 సార్లు నొక్కి, రెండు సార్లు ఊది, 108 వచ్చేదాకా ఆపకుండా చేయాలి. ఊపిరి ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. లేచి మాట్లాడుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, ఊపిరితిత్తుల్లో చేరిన నీరు కొన్ని గంటల తర్వాత ఊపిరి ఆడకుండా చేయొచ్చు.

ఇవన్నీ దారిన పోయే ప్రతివాడూ నేర్చుకుని రావాలంటే జరిగే పని కాదు. అందుకే పంచాయతీలు, జలవనరుల శాఖ, పర్యాటక శాఖ కలిసి చేయాల్సినవి అడుగుతున్నాం. వరద తీశాక ఏటా నవంబరులో, ప్రతి మండలంలో ఒకటి రెండు రేవులు ఎంచుకుని కర్రతో లోతు కొలిపించండి. యాభై గజాల మేర వెదుళ్లు పాతి తాడు కట్టండి, తాడు దాటితే ఎంత లోతో అంకె వేయండి. మార్చిలో మళ్లీ కొలవాలి, అప్పటికి ఇసుక జరిగి ఉంటుంది. ర్యాంపు గోతుల చుట్టూ ఎర్రజెండాలు పాతడం తవ్వినవాళ్ల బాధ్యతగా రాయించండి. ప్రతి రేవులో తాడు కట్టిన క్యాను రెండు వేలాడదీయండి. ఆదివారాల్లో, పండగల్లో ఈత వచ్చిన మత్స్యకార యువకులకు కూలి ఇచ్చి కాపలా పెట్టండి. 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి, ఘాట్లకు సున్నం వేసేటప్పుడే ఇదీ పూర్తి చేయొచ్చు.

మీ పత్రికకు కూడా ఒక మనవి. జిల్లా పేజీలో రోజూ తిథి, వర్జ్యం, సూర్యోదయ సూర్యాస్తమయాలు వేస్తున్నారు. వాటి కిందే అంతర్వేది, యానాం రెండు చోట్లకు ఆ రోజు పోటు వేళలు, పాటు వేళలు, వరద కాలంలో అయితే ధవళేశ్వరం నీటిమట్టం రెండు వరసల్లో వేయండి. టీ బడ్డీ దగ్గర కారు ఆపి అడిగేవాళ్లకు మేమే చదివి చెబుతాం.

ఇట్లు,
గౌతమి, వైనతేయ తీర గ్రామాల పడవ, వల పనివాళ్లు,
కోనసీమ